మామగారి ముందు మోగిన నోటిఫికేషన్

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది కాబట్టి అసలు సంగతి నా మాటల్లో చెబుతాను.

ఆవిడకి 32 ఏళ్లు. ఈసీఐఎల్ దగ్గర అత్తమామల సొంతింట్లో భర్తతో, నాలుగేళ్ల బాబుతో ఉంటున్నారు. ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో. ఆటోలో తార్నాక, అక్కణ్ణించి మెట్రోలో రాయదుర్గం, మళ్లీ షేర్ ఆటో. పోనూ రానూ రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే పోతున్నాయి. ఆఫీసుకి దగ్గర్లో అద్దెకి తీసుకుందామని ఫిబ్రవరిలో భర్తని అడిగితే "వెతుకు, చూద్దాం" అన్నాడట. ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో, భర్త గూగుల్ అకౌంట్ లాగిన్ అయి ఉన్న క్రోమ్‌లోనే ఒక రియల్ ఎస్టేట్ సైటు తెరిచి నల్లగండ్ల, చందానగర్, కొండాపూర్ వైపు ఫ్లాట్లు చూడటం మొదలుపెట్టారు. సైటు ఏదో అడిగితే "అలౌ" నొక్కారు. ఫోన్ నంబర్ అడిగితే ఇచ్చారు, ఓటీపీ కొట్టారు.

పోయిన నెల మామగారు అదే ల్యాప్‌టాప్‌లో కరెంటు బిల్లు కడుతుంటే స్క్రీన్ కుడి మూలన "మీరు చూసిన నల్లగండ్ల 2 బీహెచ్‌కే అద్దె తగ్గింది" అని వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు ఈవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగితే ఆయనే ఎత్తారు. అవతల బ్రోకర్: "మేడమ్ శనివారం ఫ్లాట్ చూస్తామన్నారు, వస్తున్నారా సార్?" ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకుని అడిగితే "ఏమో నాన్నా, నాకేం చెప్పలేదు" అనేశాడు. అత్తగారు "మేమేం తక్కువ చేశాం?" అని ఒక్క మాటని ఊరుకున్నారు. మర్నాటి నుంచి రోజూ సర్దిచ్చే లంచ్ బాక్స్ సర్దడం మానేశారు. అన్నం, కూర వండి గట్టు మీద పెడతారు, పక్కనే కడిగిన ఖాళీ డబ్బా బోర్లించి ఉంటుంది. టీవీలో యూట్యూబ్ పెడితే మామగారి ప్రవచనం మధ్యలో కూడా తెల్లాపూర్ విల్లాల ప్రకటనలే వస్తున్నాయట.

ఆవిడ ప్రశ్నలు ఇవి. ఇదంతా ఎవరికీ తెలియకుండా ఎలా తుడిచేయాలి? ఇకముందు ఎవరి కంటా పడకుండా ఎలా వెతకాలి? లేకపోతే వెతకడమే మానేయాలా? ఆఖర్న ఇంకో చిన్న ముక్క కూడా రాశారు: ఫుల్లీ ఫర్నిష్డ్ ఫ్లాట్ ఒకటి 14 వేలకే ఉంది, ఓనర్ ఆర్మీలో పనిచేస్తాడట, చూడ్డానికి ముందు గేట్ పాస్ కోసం 5 వేలు పంపమంటున్నాడు, పంపొచ్చా?

ఆ ఆఖరి ముక్కకే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగతావి వారం ఆగినా ఫర్వాలేదు గానీ ఇది ఆగదు. పంపకండి. మీరే రాశారు, ఆ చుట్టుపక్కల మిగతావన్నీ 28 వేలు, 32 వేలు చెబుతున్నారని. సోఫా, ఏసీ, ఫ్రిజ్‌తో సహా ఇదొక్కటే సగానికి ఎందుకొస్తుంది? ఆర్మీ ఉద్యోగం, ఉన్నట్టుండి ట్రాన్స్‌ఫర్, యూనిఫామ్‌లో ఉన్న ఐడీ కార్డు ఫొటో, సొసైటీ రూల్ కాబట్టి గేట్ పాస్, అదీ రిఫండబుల్... ఇది దేశమంతా తిరుగుతున్న పాత మోసం, ఊరు పేరు ఒక్కటే మారుతుంటుంది. ఆ ఫొటోలను గూగుల్ లెన్స్‌లో (ఫొటో ఇస్తే అలాంటివి నెట్‌లో ఎక్కడున్నాయో వెతికి చూపిస్తుంది) వేసి చూడండి, అదే హాలు వేరే ఊళ్లో వేరే పేరుతో కనిపిస్తే మీకే అర్థమవుతుంది. కనిపించకపోయినా, ఇల్లు చూపించకుండా డబ్బు అడిగేవాడికి డబ్బు ఇవ్వక్కర్లేదు. "రిఫండ్ వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని కూడా అంటాడు. యూపీఐలో మనకి డబ్బు రావడానికి పిన్‌తో పనిలేదు, పిన్ కొట్టామంటే పోయేది మన డబ్బే. ఉత్తరం రాసిన తర్వాత తొందరపడి పంపేసి ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో ఆ డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. హిస్టరీ మొత్తం డిలీట్ చేశాను, అయినా ఏమీ ఆగలేదు అని రాశారు. ఆగదు, ఎందుకంటే ఇదంతా ఒక్క చోట నుంచి రావడం లేదు. స్క్రీన్ మూలన వచ్చేది మీరు బ్రౌజర్‌కి ఇచ్చిన అనుమతి వల్ల వస్తోంది. టీవీలో ప్రకటనలు మీవారి గూగుల్ అకౌంట్ వల్ల వస్తున్నాయి. బ్రోకర్లకి దొరికింది మీ నంబర్. ఇవిగాక రోజూ మెయిల్, వాట్సాప్ వస్తున్నాయంటే అవి సైట్లో మీరు తెరిచిన అకౌంట్ నుంచి. ఏ కుళాయికి ఆ కుళాయి కట్టాలి.

నోటిఫికేషన్ ఆపడం అన్నిటికన్నా సులువు. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. మీ సైటు పక్కనున్న చుక్కలు నొక్కితే బ్లాక్, రిమూవ్ అని రెండూ కనిపిస్తాయి. రిమూవ్ నొక్కితే తర్వాత ఎప్పుడో ఆ సైటు మళ్లీ అడగొచ్చు, అప్పుడు మామగారు తొందర్లో "అలౌ" కొట్టొచ్చు. బ్లాక్ చేస్తే ఇక అడగనే అడగదు. కాబట్టి బ్లాక్ చేయండి. ఎలాగూ అక్కడిదాకా వెళ్లారు కదా, ఆ జాబితాలో ఇంకా ఏమేం ఉన్నాయో చూడండి, చాలా ఇళ్లల్లో వార్తల సైట్లు, షాపింగ్ సైట్లు, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో తెలియనివి బోలెడుంటాయి. అదే పేజీలో అసలు ఏ సైటూ నోటిఫికేషన్ కోసం అడగకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది, అందరూ వాడే కంప్యూటర్‌కి నా ఓటు దానికే. క్రోమ్ మూసేసినా నోటిఫికేషన్లు వస్తున్నాయన్నారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్‌లో నడవనిచ్చే బటన్ ఒకటుంటుంది, అది ఆఫ్ చేయండి. సైటు లొకేషన్ కూడా అడిగే ఉంటుంది, అదీ బ్లాక్ చేసేయండి, దాంతో మీకొచ్చే లాభమేం లేదు, ఇంట్లో కూర్చుని వెతికితే ఈసీఐఎల్ ఇళ్లే చూపిస్తుంది.

తుడిచేయడం గురించి మాత్రం కొంచెం ఆలోచించండి. హిస్టరీతో పాటు కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు) కూడా ఒక్క దెబ్బతో డిలీట్ చేస్తే ఆ సైటే కాదు, ఆ బ్రౌజర్‌లో ఇంట్లోవాళ్లు లాగిన్ అయి ఉన్న సైట్లన్నీ లాగౌట్ అవుతాయి. కరెంటు బిల్లు సైటు, పెన్షన్ సైటు, అన్నీ. "ఎవరు తీసేశారు?" అనే ప్రశ్న ఆ సాయంత్రానికే వస్తుంది. పైగా మీవారి ఫోన్‌లో అదే అకౌంట్ సింక్ (ఒక చోట చేసింది రెండో చోటా కనిపించే ఏర్పాటు) ఆన్ చేసి ఉంటే ఇక్కడ హిస్టరీ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ఒక్క సైటు గుర్తులే తీసేయాలనుకుంటే సైట్ సెట్టింగ్స్‌లో ఏ సైటు ఎంత డేటా దాచుకుందో చూపించే చోట దాని పేరు వెతికి, పక్కనున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కండి, మిగతావి కదలవు.

సింక్ మాటెత్తాను కాబట్టి ఇంకో సంగతి. సింక్ ఆన్‌లో ఉంటే మీరు ల్యాప్‌టాప్‌లో చూసిన నల్లగండ్ల పేజీలు మీవారి ఫోన్ క్రోమ్‌లో హిస్టరీ కింద కనిపించేవే. అంటే "నాకేం తెలియదు" అన్న మనిషి జేబులోనే, మీరు హిస్టరీ డిలీట్ చేసేదాకా, మొత్తం జాబితా ఉండి ఉండొచ్చు. ఇది చదవగానే మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. అయినా దాన్ని సాక్ష్యంలా భోజనాల దగ్గర బయటపెట్టకండి. ఆయన ఫిబ్రవరిలో ఒప్పుకున్న సంగతి మీ ఇద్దరికీ తెలుసు, దానికి క్రోమ్ సాక్ష్యం అక్కర్లేదు.

టీవీ ప్రకటనలకి మందు మీవారి అకౌంట్‌లోనే ఉంది. గూగుల్‌లో మై యాడ్ సెంటర్ అని ఉంటుంది, అక్కడ పర్సనలైజ్డ్ యాడ్స్ పూర్తిగా ఆపొచ్చు, లేదా ఇళ్లు, స్థలాలకి సంబంధించిన టాపిక్స్ మాత్రం తగ్గించమనొచ్చు. అది ఆయన అకౌంట్ కాబట్టి ఆయనకి చెప్పే చేయాలి. ఆపినా ప్రకటనలు రావడం మానవు, మీ వెతుకులాటని బట్టి రావడం మానేస్తాయి, అంతే. హైదరాబాద్‌లో ఉంటూ రియల్ ఎస్టేట్ ప్రకటన కనిపించకుండా ఉండాలంటే కళ్లు మూసుకోవాలి.

ఫోన్లు ఇంత సులువుగా ఆగవు. "కాంటాక్ట్ ఓనర్" నొక్కినప్పుడు మీ నంబర్ ఆ ఫ్లాట్ పెట్టినవాడికి వెళ్తుంది, పెట్టింది చాలాసార్లు ఓనర్ కాదు, బ్రోకర్, ఆయన దగ్గర నుంచి ఆయన స్నేహితులకి. ముందు సైట్లో మీ అకౌంట్‌లోకి వెళ్లి అలర్ట్‌లు, సేవ్ చేసుకున్న సెర్చ్‌లు తీసేయండి, "ఇల్లు దొరికింది" అని చెప్పే ఆప్షన్ ఉంటే అది నొక్కండి, వాట్సాప్ అప్‌డేట్స్ టిక్కు తీసేయండి. ఫోన్ చేసిన బ్రోకర్లకి "ఇల్లు దొరికిందండీ, నంబర్ తీసేయండి" అని ఒక్క వాక్యం చాలు. "ఇప్పుడు బిజీ, తర్వాత చేయండి" అన్నారో, తర్వాత చేస్తూనే ఉంటారు. 1909 ద్వారా డీఎన్‌డీ, అంటే ప్రచారం కాల్స్ వద్దని నమోదు, పెట్టించుకోవచ్చు, అందులో రియల్ ఎస్టేట్‌కి విడిగా ఒక కేటగిరీ కూడా ఉంది. దాని తర్వాత కూడా ప్రచారం కాల్ వస్తే 7 రోజుల్లోపు కంప్లైంట్ ఇవ్వొచ్చు. కాకపోతే మీరే ఎంక్వయిరీ పెట్టారు కాబట్టి "మేడమే అడిగారు" అని తప్పించుకుంటారు, అందుకే దీని మీద మరీ ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎవరి కంటా పడకుండా వెతకడం కుదురుతుందా? టెక్నికల్‌గా కుదురుతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో చూస్తే ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలదు, నోటిఫికేషన్ల గొడవా ఉండదు. సైట్లో లాగిన్ అయితే మాత్రం సైటుకి మీరెవరో తెలుస్తుంది, నంబర్ ఇస్తే ఫోన్లూ వస్తాయి. క్రోమ్‌లో మీ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, కానీ దానికి తాళం ఉండదు, ఎవరైనా నొక్కి తెరవొచ్చు. తాళం కావాలంటే విండోస్‌లోనే మీకు వేరే యూజర్ అకౌంట్ పెట్టుకుని పాస్‌వర్డ్ పెట్టాలి. అన్నిటికన్నా సులువు, ల్యాప్‌టాప్ జోలికే పోకుండా మీ ఫోన్‌లో, మీ అకౌంట్‌తో, రెండో సిమ్ నంబర్‌తో చూసుకోవడం.

సరే, ఇవన్నీ చేశారనుకుందాం. ఫ్లాట్ నచ్చింది. ఓనర్ "మీ ఆయన్ని తీసుకుని రండి" అంటాడు. 11 నెలల అగ్రిమెంట్, అడ్వాన్స్, సామాను లారీ, బాబు స్కూలు టీసీ. వీటిలో ఏది ఇన్‌కాగ్నిటోలో చేస్తారు? ఇప్పటిదాకా దాచారని ఒకసారి తెలిసిపోయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో కొత్తగా పాస్‌వర్డ్ కనిపిస్తే, అక్కర్లేనివన్నీ శుభ్రంగా తుడిచేసి ఉంటే మామగారికి దాని అర్థం ఇంకోలా ఉంటుంది. అద్దె ఇల్లు వెతకడం తప్పు కాదు, దానికి క్షమాపణ చెప్పాల్సిన పనీ లేదు. వాళ్లకి గుచ్చుకున్నది ఇంట్లోవాళ్లకి తెలియకముందే ఎవడో బ్రోకర్‌కి తెలియడం. అది మీరు కావాలని చేయలేదు, అయినా అలా జరిగింది.

వెతకడం మానేస్తే? కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, డబ్బా మళ్లీ నిండుతుంది. కానీ నాలుగు గంటల ప్రయాణం అలాగే ఉంటుంది, వచ్చే వానాకాలానికి ఏదో ఒక రాత్రి ట్రాఫిక్‌లో ఇరుక్కుని తొమ్మిదింటికి ఇల్లు చేరినప్పుడు ఆ కోపం అత్తగారి మీదో బాబు మీదో పడుతుంది, అసలు కారణం ఎవరికీ అర్థం కాదు. నడుం నొప్పి మొదలైందని మీరే రాశారు. మానేయాలనుకుంటే కనీసం ఆఫీసులో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడిగి, అది దొరికాకే మానేయండి.

చెప్పేద్దామనుకుంటే, చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. ముందు ఆయనతో విడిగా మాట్లాడండి, వీలైతే ఇంటి బయట. "నువ్వు అబద్ధమాడావు" అని మొదలుపెడితే ఆయన తన్ను తాను కాపాడుకునే పనిలో పడతాడు. "ఆ రోజు నాన్నగారి ముందు భయపడ్డావు, అర్థమైంది, కానీ ఇప్పుడు ఇంట్లో అందరూ నేనొక్కదాన్నే విడిపోవాలనుకుంటున్నానని అనుకుంటున్నారు, ఆ మాట నువ్వే సరిచేయాలి" అనండి. ఆయన అప్పుడు కూడా తప్పుకుంటే మీకు ఒక సంగతి తేలిపోతుంది: ఆయనకి వెళ్లడం ఇష్టం లేదు, ఫిబ్రవరిలో మీ నోరు మూయించడానికి "చూద్దాం" అన్నాడు. అదే నిజమైతే ఏ ఫ్లాట్ చూసినా లాభం లేదు, ముందు ఆ మాట మీ ఇద్దరి మధ్య తేలాలి. నా అంచనా మాత్రం అంత దూరం రాదని. తండ్రి ఎదురుగా తెల్లమొహం వేసే కొడుకులు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు, ఒకసారి సిగ్గుపడ్డాక మాట్లాడతారు.

అత్తగారి ప్రశ్నకి మాత్రం జవాబు మీరే ఇవ్వండి. "మేమేం తక్కువ చేశాం" అంటే ఆవిడ నిజంగా లెక్క అడగడం లేదు. ఆ వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, మీరు పొద్దున ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తున్నారో, మెట్రోలో సీటు దొరక్క నిలబడే వెళ్తున్నారో, ఆఫీసులో ఏం జరుగుతోందో చెప్పండి. ఆవిడకి ఇవన్నీ తెలుసని మీరు అనుకుంటున్నారు, నాకు అనుమానమే. వెళ్లేది దూరం వల్లే గానీ ఆవిడ వల్ల కాదని ఆవిడకి మీ నోటి నుంచి వినపడాలి.

ఇంకొకటి, మీ ఉత్తరంలో రెండు లైన్లలో దాటేసింది. బాబుని స్కూలు నుంచి తెచ్చేది మామగారు, అన్నం పెట్టి పడుకోబెట్టేది అత్తగారు. నల్లగండ్ల వెళ్తే ఆ పని ఎవరు చేస్తారు? డేకేరా, ఆయానా, ఖర్చెంత, మీకు జ్వరం వచ్చిన రోజు ఎవరు? ఇది లెక్కేయకుండా అద్దె 28 వేలా 32 వేలా అని చూస్తే లెక్క తప్పుతుంది. పైగా అత్తమామల బాధలో సగం మనవడి గురించే అయ్యుంటుందని నా అనుమానం.

అందుకే మీరు సైట్లో టైప్ చేసిన ఏరియాల గురించి ఒక సలహా. ఆఫీసు పక్కన అని ఎందుకు మొదలుపెట్టారు? హబ్సిగూడ, తార్నాక, ఉప్పల్ వైపు మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో వెతికి చూడండి. నాగోల్ నుంచి రాయదుర్గం లైన్ నేరుగా వెళ్తుంది, దిగి మారే పని లేదు, పొద్దున ఆటోలో తార్నాక చేరే కష్టం మొత్తం పోతుంది. రోజుకి గంట, గంటంపావు మిగలొచ్చు. నల్లగండ్లలో అయితే మూడు గంటలు మిగులుతాయి నిజమే, కానీ ఇక్కడైతే ఈసీఐఎల్ దగ్గరే ఉంటుంది, బాబు స్కూలు మారక్కర్లేదు, మధ్యాహ్నం తాతగారి దగ్గరే ఉంటాడు. "దగ్గర్లోనే ఉంటాం" అన్న మాటని ఇంట్లో ఒప్పించడం కూడా వేరుగా ఉంటుంది. మూడో దారి కూడా ఉంది, సొంతిల్లు అద్దెకిచ్చి అందరూ కలిసి అటు వెళ్లడం. పెద్దవాళ్లు సొంతింటిని, ఇరుగుపొరుగుని వదులుతారని నేననుకోను, కానీ అడిగితే పోయేదేం లేదు. అడగడం వల్ల మీకు వాళ్లని వదిలించుకోవాలని లేదని మాత్రం తెలుస్తుంది.

ఇలా బయటికి చెప్పేశాక వెతకాల్సి వస్తే అదే ల్యాప్‌టాప్‌లో, అందరి ముందూ వెతకండి. నోటిఫికేషన్ బ్లాక్ అలాగే ఉంచండి, రెండో సిమ్ నంబర్ ఇవ్వండి, "ఓనర్" అని ఉన్నా బ్రోకరే అనుకుని కమీషన్ ఎంతో ముందే అడగండి. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లే రోజున మామగారిని కూడా రమ్మనండి. సొంతిల్లు కట్టుకున్న మనిషి, మీరూ మీవారూ కిచెన్ టైల్స్ చూస్తుంటే ఆయన మోటార్ ఎక్కడుంది, గోడకి చెమ్మ ఎందుకొచ్చింది అని చూస్తారు. రానంటే కనీసం ఏం అడగాలో ఆయన్నే అడిగి రాసుకెళ్లండి. నల్లగండ్ల వైపే ఖాయమైతే ఆ జాబితాలో మొదట ఇది చేర్చండి: ఎండాకాలంలో బోరు ఎండిపోతే ట్యాంకర్ నీళ్ల డబ్బు మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉంటుందా, విడిగా పంచుతారా, పోయిన ఏప్రిల్‌లో ఒక్కో ఫ్లాట్‌కి ఎంత పడింది? ఓనర్ చెప్పింది విని ఊరుకోకుండా, కిందికి దిగాక వాచ్‌మన్‌ని కూడా అదే అడగండి.